నలభై ఒకటో పేజీలోని కొమ్ము

జూన్ 2

చెల్లాయీ,

నీ ఉత్తరం అందింది. 'పచ్చ గడ్డ కొన్నాను, కట్టించుకోవాలి' అని రాశావు. చదవగానే కంగారుపడ్డాను. తరువాత గుడ్డకూ కుట్టుకూ కొమ్ములు నేనే పెట్టుకొని, నీకు గడ్డ లేవలేదని తేల్చుకొని స్థిమితపడ్డాను. చిన్నప్పటినుంచీ నీ రాతలో కొమ్ములుండవు. ఊరందరి రాతలూ దిద్దే ఉద్యోగం చేస్తూ నీ రాత ఇలా వదిలేశావేమిటే? అయినా నాకు అలవాటే. లేని కొమ్మును ఉందనుకొనే చదువుతాను.

అసలు సంగతికి వస్తాను. మీ అచ్చాపీసు వేసిన ప్రార్థనల పుస్తకం కొన్నాను. ఊరికే కొనలేదు. నాకు అరవై రెండు నిండాయి. నలభై ఏళ్లుగా పొద్దున్నే లేచి ప్రార్థన చేస్తున్నాను. అవతల వినేవాళ్లు ఉన్నారో లేరో ఒక్కరోజూ తెలియలేదు. గోడతో మాట్లాడినట్టే ఉంటుంది. పోయేలోగా ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి, దేవుడు నా దగ్గరికి వచ్చాడని తెలిస్తే చాలు. ఇంకేమీ అక్కర్లేదు. ఈ మాట బయట ఎవరితోనైనా అంటే నవ్వుతారు, అందుకే నీకు రాస్తున్నాను.

నలభై ఒకటో పేజీలో ఇలా ఉంది: 'నీ తలుపు ఎల్లవేళలా దేవుని కొరకు తెరచియుంచుము. ఆయన ఎప్పుడు వచ్చునో, ఏ రూపమున వచ్చునో నీవెరుగవు.' చదివాక లేచి వెళ్లి నా వీధి తలుపు చూసుకున్నాను. నా సంగతి నీకు తెలుసు కదా. ఐదు తాళాలు. అందరూ నన్ను పిరికివాడంటారు గానీ, తాళం ఎంత సులువుగా ఊడివస్తుందో తాళాల మేస్త్రికి తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది? ఇన్నాళ్లూ ఆయన వచ్చి, ఈ ఐదూ చూసి వెనక్కి వెళ్లిపోయాడేమోనని ఇప్పుడు బెంగగా ఉంది.

'ఎల్లవేళలా' అంటే బజారుకు వెళ్లినప్పుడు కూడానా? స్నానం చేసేటప్పుడో? ఆ పుస్తకం ప్రూఫులు దిద్దింది నువ్వే కాబట్టి నీకు తెలిసి ఉంటుంది. వెంటనే రాయి. ఈలోగా రెండు తాళాలు మాత్రం తీసి చూస్తాను.

నీ జవాబు కోసం కాచుక్కూర్చున్న
అన్నయ్య


జూన్ 9

అన్నయ్యకు,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నువ్వు ఇంత బాగా రాస్తావని ఇన్నాళ్లూ తెలియదు. మనిషి మనసుకు ఐదు తాళాలు వేసుకుంటాడని, దేవుడు వాటిని చూసి వెనక్కి వెళ్లిపోతాడని రాశావు చూడు, అక్కడ నాకు కళ్లు చెమర్చాయి. తాళాలు బాగుచేసే మనిషికి తప్ప ఆ పోలిక ఇంకొకరికి తట్టదు.

నీ రాతలో 'తలుపు' అని పడింది. అది తలపేనని నాకు తెలుసులే. నా దగ్గర లేని కొమ్ములన్నీ నీ దగ్గరే ఉన్నాయి. తాళంచెవులు అరగదీసే చెయ్యి కదా, కనిపించిన ప్రతి అక్షరానికీ ఒక పన్ను గీస్తావు. మొన్న 'మంచి కలుపు దొరికింది, పెట్టె చేయిస్తాను' అని రాస్తే కలప అనుకొనే సంతోషించాను.

ఇక నీ సందేహం. ఎల్లవేళలా అంటే ఎల్లవేళలానే. బజారుకు వెళ్లినా, స్నానం చేస్తున్నా తెరిచే ఉంచు. మొదట్లో పనికిమాలినవన్నీ వచ్చి కూర్చుంటాయి. వెళ్లగొట్టబోకు. వెళ్లగొట్టేకొద్దీ ఎక్కువవుతాయి. వచ్చినదాన్ని వచ్చినట్టు కూర్చోనిచ్చి, కాసేపు చూసి ఊరుకో. వాటి మధ్యలోంచే ఎప్పుడో ఆయన వస్తాడని ఆ పుస్తకం రాసిన పెద్దాయన కూడా అంటాడు.

ఇక్కడ కొత్త మేనేజరు వచ్చాడు. 'దేవుడి పుస్తకంలో ఒక్క తప్పు దొరకనివ్వండి, దాన్ని ఫ్రేము కట్టించి, చేసినవాళ్ల బల్ల ముందు వేలాడదీస్తాను' అంటున్నాడు. అనడమే కాదు, బైండింగు ఆయన బల్ల ముందు అప్పుడే మూడు వేలాడుతున్నాయి. పద్దెనిమిదేళ్లుగా నా ముందు గోడ బోసిగానే ఉంది. దేవుడి దయ.

ఆరోగ్యం జాగ్రత్త. గాలి తగలనివ్వు, ఎప్పుడూ మూసుకొని కూర్చోకు.

ప్రేమతో,
చెల్లాయి


జూన్ 25

చెల్లాయీ,

నువ్వు చెప్పినట్టే చేశాను. పన్నెండో తారీఖు పొద్దున ఐదు తాళాలూ తీసి, తలుపు బార్లా తెరిచి, కదలకుండా ఇటుక అడ్డం పెట్టాను. నా రాతలో తలుపు తలుపులాగే ఉందన్నావు, అదొక్కటే ధైర్యం.

మొదటి రోజు ఒక కోడి వచ్చింది. ఏ రూపమున వచ్చునో ఎరుగము కదా, లేచి నిలబడ్డాను. అది వంటగదిదాకా వెళ్లి, తిరిగొచ్చి, నన్ను ఎగాదిగా చూసి వెళ్లిపోయింది. ఆయన కాదనే అనుకుంటున్నాను, కానీ ఖాయంగా చెప్పలేను.

రెండో రోజునుంచి మనుషులు. పక్కింట్లోకి కొత్తగా పళ్ల డాక్టరు వచ్చాడు. ఆయన దగ్గర ఉన్నవి నాలుగే కుర్చీలు. నా తలుపు తీసి ఉండేసరికి ఇదీ ఆయన గదే అనుకొని, దవడలు పట్టుకొని జనం నేరుగా లోపలికి వచ్చి కూర్చుంటున్నారు. వెళ్లగొట్టొద్దన్నావు కాబట్టి వెళ్లగొట్టలేదు. కాసేపు చూసి ఊరుకుంటున్నాను. అలా చూస్తుంటే వాళ్లకు ఇబ్బందిగా ఉన్నట్టుంది.

మొన్న ఒకాయన వచ్చాడు. ఒక బుగ్గ బంతిలా వాచింది. గుమ్మంలో నిలబడి, మాట లేకుండా, వేలెత్తి పైకి చూపించాడు. 'పైనుంచేనా?' అన్నాను. అవునని తల ఊపాడు. 'ఎన్నాళ్లకు!' అని కాళ్లమీద పడబోతుంటే నోరు తెరిచాడు. పైవరసలో మూడోది. దేవుడికి పన్ను నొప్పి వస్తుందా? నీకు తెలిస్తే రాయి.

స్నానం చేసేటప్పుడు కూడా తెరవమన్నావు గానీ వీధి తలుపా, స్నానాల గది తలుపా అన్నది రాయలేదు. ఎందుకైనా మంచిదని రెండూ తెరిచాను. ఒకావిడ పంటి నొప్పి మరిచిపోయి పరుగున వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు. ఆవిడే అయి ఉంటే నా గతేమిటి?

ఎవరు వచ్చినా పక్కన కూర్చొని మెల్లగా 'మీరేనా?' అని అడుగుతున్నాను. 'కాదండీ, నా ముందు ఇంకా ఇద్దరున్నారు' అంటున్నారు. ఎదురుచూస్తున్నాను.

నీ అన్నయ్య


జూలై 1
(కార్డు)

అన్నయ్యా,

కార్డు కాబట్టి ఎక్కువ రాయలేను. పోస్టుమాన్ చదువుతాడు, మేనేజరు నా వెనకే తిరుగుతున్నాడు. నీ ఉత్తరం చూసి పుస్తకం తీసి నలభై ఒకటో పేజీ చదివాను. ఒక్కమాట చెబుతాను, జాగ్రత్తగా చదువు. తలుపు కాదు, తలపు. తెరవాల్సింది తలపు. తలుపు అక్కర్లేదు. అర్థమైంది కదా? ఇక ఒక్కరోజు కూడా ఆలస్యం చేయకు.

చెల్లాయి


జూలై 10

నా తల్లీ, చెల్లాయీ,

నీ కార్డు అందింది. 'తలుపు కాదు తలుపు. తెరవాల్సింది తలుపు. తలుపు అక్కర్లేదు.' ఎన్నిసార్లు చదివితే అన్ని అర్థాలు! మొదట బోధపడలేదు. చదవగా చదవగా తెలిసింది. మూసే వీలున్న తలుపు తెరిచినట్టు లెక్కలోకి రాదు. తెరిచి ఉన్నా, ఎప్పుడో మూద్దామన్న ఆశ మనిషిలో ఉండనే ఉంటుంది. ఆ ఆశ పోవాలంటే తలుపే ఉండకూడదు. నాలుగు ముక్కల్లో ఎంత మాట చెప్పావు! నేను నిన్ను జడ పట్టుకొని లాగిన రోజులు గుర్తొచ్చి సిగ్గుపడ్డాను.

ఒక్కరోజు కూడా ఆలస్యం చేయొద్దన్నావు. ఆ పూటే బందుల మరలు విప్పి తలుపు ఊడదీశాను. నలభై ఏళ్లు తలుపులకు తాళాలు బిగించానే గానీ తలుపు ఇంత బరువుంటుందని తెలియదు. ఎనిమిది ఇటుకలమీద పరిచి బల్లలా చేశాను. ఐదుగురు సుఖంగా కూర్చుంటున్నారు. గొళ్లెం ఉన్న వైపు కూర్చోవద్దని అందరికీ ముందే చెబుతున్నాను.

ఇంటి యజమానురాలు వచ్చి 'తలుపేదయ్యా?' అని అరిచింది. 'దానిమీదే కూర్చున్నారు కదండీ' అన్నాను. ఉలిక్కిపడి లేచింది. పళ్ల డాక్టరు కూడా వచ్చాడు. నేను ఉప్పువేసి వేడినీళ్లు ఇస్తుంటే పుక్కిలించి కొందరు నొప్పి తగ్గిందని అటునుంచి అటే వెళ్లిపోతున్నారట. ఆయన ముఖం చిన్నబోయింది. ఆయనకూ ఒక గ్లాసు ఇచ్చాను. తాళం కొందామని వచ్చిన ఒకామె లేని తలుపు వైపు చూసి, నా వైపు చూసి వెళ్లిపోయింది.

ఒక్కటే వెలితి. ప్రార్థనకు కళ్లు మూసుకుంటే చాలు, 'పెద్దాయనా, ఇప్పుడు లోపలికి ఎవరు వెళ్లారు?' అని కుదుపుతున్నారు. ఇంత చేసినా ఆయన జాడ లేదు. అయినా నాకు నమ్మకముంది. నీ కార్డు చొక్కా జేబులోనే పెట్టుకు తిరుగుతున్నాను.

నీకు అన్నయ్యనైనందుకు గర్వపడుతూ,
నేను


జూలై 24
(అచ్చులో)

అన్నయ్యా,

ఈ ఉత్తరం చేత్తో రాయడం లేదు. నీ ముందు ఉత్తరం చదివాక నా చేతిరాతమీద నాకే భయం పుట్టింది. కంపోజింగు బాబాయిని బతిమాలి ఒక్కొక్క అక్షరమూ పేర్పించాను. కొమ్ము ఎక్కడుందో, ఎక్కడ లేదో నీకు అద్దంలో చూసినట్టు కనిపించాలి. దయచేసి నువ్వేమీ చేర్చకుండా చదువు.

ఆ పుస్తకంలో పెద్దాయన రాసింది 'తలపు'. తలపు అంటే ఆలోచన, మనసు. తలుపు అంటే చెక్క, బందులు, గడియ. దేవుడికి తెరవాల్సింది మొదటిది. రెండోది నువ్వు హాయిగా మూసుకోవచ్చు.

ప్రూఫుల్లో ఆ కొమ్ము పెట్టింది నేనే. నా జన్మలో కొమ్ము మరిచిపోవడమే తప్ప చేర్చిన పాపాన పోలేదు. ఆ ఒక్కరోజు చేర్చాను. మా గది గడియ పడటం లేదు, అన్నయ్యకు రాసి పిలిపించుకోవాలి, తలుపు దించాల్సి వస్తుందో ఏమో అనుకుంటూ కూర్చున్నాను. పేజీలో 'తలపు' కనిపించింది. నా బుర్రనిండా తలుపే. ఎర్ర కలంతో దిద్దేశాను. దిద్ది, తప్పు పట్టుకున్నానని సంతోషించాను కూడా.

ముందే ఎందుకు చెప్పలేదంటావు. చెప్పాను, కార్డులో. పిరికిదాన్ని కాబట్టి పొట్టిగా చెప్పాను. అప్పుడే సూటిగా 'నాదే తప్పు' అని రాసి ఉంటే నీ తలుపు నీ గుమ్మానికే ఉండేది.

మేనేజరుకు చెప్పేశాను. నలభై ఒకటో పేజీ ఇప్పుడు ఫ్రేములో నా ముందు వేలాడుతోంది. అమ్మిన పుస్తకాలకు తప్పొప్పుల చీటీ వేయించాడు. దాని ప్రూఫు చూసింది కూడా నేనే. 'తలుపు అని ఉన్నచోట తలుపు అని చదువుకోగలరు' అని అచ్చయింది. దానికీ ఫ్రేము కట్టించాడు. మూడోది కట్టించే ఓపిక లేక ఈసారి ఆయనే స్వయంగా దిద్దాడు. ఆ చీటీ దీనితో పంపుతున్నాను.

నన్ను ఏమన్నా పడతాను.

చెల్లాయి


జూలై 30

చెల్లెలికి,

చీటీ అందింది. చదివాను. ఏమీ చేర్చకుండానే చదివాను.

ఏడు వారాలు నేను నీ కొమ్ముకు దండం పెట్టానన్నమాట. ఒక కోడి ముందు లేచి నిలబడ్డాను. నూట పదిమందిని 'మీరేనా' అని అడిగాను. వీధిలో నన్ను 'తలుపులాయన' అంటున్నారు, తలుపు లేనందుకు. ఇవన్నీ పోనీ. ఆయన వస్తాడని నమ్మాను చూడు, నలభై ఏళ్లలో మొదటిసారి, గుండెనిండా నమ్మాను. అది కూడా అచ్చుతప్పేనా?

జనాన్ని లేపి తలుపు మళ్లీ బిగించాను. ఐదు తాళాలూ వేశాను. ఆరోది ఎక్కడ బిగించాలా అని చూస్తున్నాను.

మీ గది గడియ సంగతి మరో మేస్త్రిని పిలిపించుకొని చూపించుకో. నాకు ఉత్తరాలు రాయకు, చేత్తోనూ వద్దు, అచ్చులోనూ వద్దు.


ఆగస్టు 5

అన్నయ్యా,

వద్దన్నా రాస్తున్నాను. తిట్టదలచుకుంటే తిట్టు, కానీ రాయి.

నమ్మడం కూడా అచ్చుతప్పేనా అని అడిగావు. పద్దెనిమిదేళ్లలో ఎన్ని ప్రార్థనల పుస్తకాలు దిద్దానో నాకే గుర్తులేదు. ఒక్కదాంట్లోనూ అక్షరాలు తప్ప ఇంకేమీ చూడలేదు. 'శరణు' అని ఉంటే ణకారం సరిగా పడిందా లేదా అనే చూశాను. ఒక్కరోజు కూడా శరణు అనుకోలేదు. నువ్వొక్కడివే ఆ పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చేశావు. పాపం, ఉన్నదే తప్పు. తప్పు నాది, చేయడం నీది. నీ భాగంలో ఏ పొరపాటూ లేదు.

రెండో ముద్రణ వేస్తున్నారు. నలభై ఒకటో పేజీ నా బల్లమీదే ఉంది. ఎర్ర కలం పట్టుకోవాలంటే చెయ్యి రావడం లేదు.

నువ్వు క్షమిస్తే తప్ప నిద్రపట్టని,
చెల్లాయి

(కొమ్ములన్నీ పెట్టాను. లెక్క చూసుకున్నాను.)


ఆగస్టు 20

చెల్లాయీ,

కొమ్ములన్నీ పెట్టావు, నిజమే. రెండు చాలే 'నువ్వు'కు మూడు పెట్టావు. దానితో కోపం సగం పోయింది. మిగిలిన సగం ఎలా పోయిందో చెబుతాను.

తలుపు బిగించాక, సరే, పెద్దాయన అసలు రాసినదే చేసి చూద్దామనుకున్నాను. కళ్లు మూసుకొని తలపు తెరిచి కూర్చున్నాను. మూడు రోజులు. దేవుడు రాలేదు. బుగ్గాయన వచ్చాడు, తలపులో. పన్ను పీకించుకున్నాడో, భయపడి ఇంటికి వెళ్లిపోయాడో! ఆయన వెళితే ఉప్పునీళ్లు ఎక్కువ అడిగే ముసలావిడ. ఆవిడ వెళితే ఇంకొకరు. గది ఖాళీగా ఉంది, తలపు మాత్రం ఆ ఏడు వారాల్లోలాగే కిటకిటలాడుతోంది. విసుగొచ్చింది.

నాలుగో రోజు పొద్దున ఎవరో తలుపు తట్టారు. 'ఎవరు?' అన్నాను. 'మేమే' అని వినిపించింది. ఒక్కడే మనిషి మేమే అంటాడేమిటి అనుకుంటూనే తెలిసిపోయింది. పన్ను పోయిన చోటునుంచి గాలి పోయి 'నేనే' అన్నది 'మేమే' అయింది. నా చేతులు ఐదు తాళాలూ తీసేశాక, తీశానని నాకు తెలిసింది. బుగ్గ మామూలు సైజుకు వచ్చింది. ఇప్పుడు నొప్పేమీ లేదట, ఊరికే వచ్చాడట. కూర్చోవడానికి బల్ల లేదు కాబట్టి నేలమీదే కూర్చున్నాం.

ఆ రోజు ఇంకా ఏడుగురు వచ్చారు. 'ఎవరు?' అంటే ప్రతివాళ్లూ 'నేనే' అన్నారు. ఆలోచించు చెల్లాయీ, వాళ్లలో ఒక్కరి పేరూ నాకు తెలియదు. ఒక్కరూ పేరు చెప్పలేదు. లోపల ఉన్నవాడు నన్ను ఎరుగునన్న ధీమా లేకపోతే, మూసిన తలుపు ముందు నిలబడి మనిషి 'నేనే' అనగలడా?

రెండో ముద్రణ సంగతి. నా మాట విని దిద్దెయ్యి. 'తలపు' అనే వేయించు. అందరి ఇంటి పక్కనా పళ్ల డాక్టరు ఉండడు. ఊరికే కోళ్లు వస్తాయి.

ఇక ఒక్క విషయం. నా ప్రార్థన ఎలా ఉంటుందో నీకెప్పుడూ చెప్పలేదు, నవ్వుతావని. నలభై ఏళ్లుగా దరఖాస్తు రాసినట్టు మొదలుపెట్టేవాణ్ణి. నా పేరు, మన నాన్న పేరు, వీధి, ఇంటి నంబరు, చేసే పని. కోట్లమంది మొక్కుతుంటారు కదా, నేనెవరో ఆయనకు తెలియదేమోనని అన్నీ విడమరచి చెప్పేవాణ్ణి. చెప్పాక చెవి రిక్కించుకొని కూర్చునేవాణ్ణి. అటునుంచి మాట ఉండేది కాదు. ఆ నిశ్శబ్దం చూసి, నేనెవరికీ తెలియదనుకొని, మర్నాడు ఇంకాస్త వివరంగా చెప్పేవాణ్ణి.

ఇవాళ పొద్దున కూర్చున్నాను. పేరు చెప్పబోయి ఆగిపోయాను. కళ్లు మూసుకొని 'నేనే' అన్నాను.

చాలాసేపు కూర్చున్నాను చెల్లాయీ. ఎప్పటిలాగే నిశ్శబ్దంగా ఉంది. అటునుంచి 'ఎవరు?' అని అడగలేదు.

అన్నయ్య